పళ్లు జివ్వుమంటే ఏది చేయించాలి: పేస్టా, వార్నిషా, ఫిల్లింగా, లేజరా, రూట్ కెనాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా: వయసు 34. ఎడమవైపు పైవరసలో రెండు మూడు పళ్లు చల్లనీళ్లకీ, నిమ్మరసానికీ, బండి మీద వెళ్తుంటే నోట్లోకి పోయే గాలికీ జివ్వుమంటున్నాయి. సెన్సిటివ్ పేస్టు వాడినన్నాళ్లు తగ్గుతోంది, ఆపితే తిరగబెడుతోంది. మూడు క్లినిక్‌లకు వెళ్తే ఒకరు లేజర్ అన్నారు, ఒకరు ఫిల్లింగ్ అన్నారు, ఇంకొకరు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తామన్నారు. దేనికి డబ్బు పెట్టాలి? లవంగనూనె పెడితే పనిచేస్తుందా?

ముందు జవాబు. చల్లటిది తీసేసిన కొద్ది సెకన్లలోనే జివ్వుమనడం ఆగిపోతుంటే రూట్ కెనాల్ అక్కర్లేదు. పేస్టూ వార్నిషూ చాలా, ఫిల్లింగ్ కావాలా అన్నది చిగురు అంచున పంటికి గాడి పడిందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. చిగురు కాస్త కిందికో పైకో జరిగి పంటి మెడ బయటపడిందంతే, గాడి లేదు అనుకుంటే, పేస్టును పద్ధతిగా 8 వారాలు వాడి, తోడుగా క్లినిక్‌లో ఫ్లోరైడ్ వార్నిష్ (పంటి మీద పూతగా వేసే మందు) పూయించుకుంటే చాలు. గోరు పెట్టి లాగితే తట్టుకునేంత గాడి, సుమారు 1 మి.మీ. దాటిన లోతు ఉంటే ఫిల్లింగ్. లేజర్ ఈ రెండూ అయ్యాక ఆలోచించాల్సింది. వీటిలో ఏది చేయించినా మీరు బ్రష్ చేసే తీరు మారకపోతే ఆరు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

ముగ్గురు మూడు మాటలు చెప్పారంటే ఇద్దరు అబద్ధమాడారని కాదు. జివ్వుమనడం ఒకటే లక్షణం, దాని వెనక కారణాలు అరడజను. ఎవరికి ఏది కనిపిస్తే దానికి వైద్యం చెప్తారు. అందుకే వైద్యాలను పోల్చేముందు ఏం జరుగుతోందో నాలుగు ముక్కలు.

పంటి మీద కనిపించే తెల్లటి పెంకు ఎనామిల్. దానికి స్పర్శ లేదు. దాని కింద ఉండే డెంటిన్ మాత్రం జల్లెడలాంటిది. దాని నిండా లోపలి నరం వైపు వెళ్లే సన్నటి గొట్టాలుంటాయి. ఒక్కోదాని వెడల్పు 1 నుంచి 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), నరానికి దగ్గరగా చూస్తే చదరపు మిల్లీమీటరుకు 45,000 పైమాటే. ఆ గొట్టాల్లో నీరులాంటి ద్రవం ఉంటుంది. పైన మూత ఉన్నంతవరకూ అది కదలదు. మూత పోయిన చోట చల్లదనం తగిలినా, గాలి తగిలి ఆరినా, తీపి తగిలినా ద్రవం ఒక్కసారిగా కదిలి, ఆ కుదుపు నరానికి తెలుస్తుంది. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో ప్రయోగాలతో బలపరిచిన ఈ వివరణనే ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకుంటారు. చల్లటిదానికి ద్రవం బయటి వైపు కదులుతుంది, వేడికి లోపలి వైపు. బయటికి కదిలినప్పుడే నరం గట్టిగా స్పందిస్తుంది కాబట్టి మీకు వేడి టీ కన్నా ఫ్రిజ్ నీళ్లే ఎక్కువ బాధపెడతాయి.

పంటి మెడ దగ్గర ఎనామిల్ అంచు చాలా పలచన. దాని కింద వేరును కప్పే సిమెంటం అక్కడ మైక్రాన్లలో కొలిచేంత పొర, గట్టి బ్రష్‌కు కొన్ని నెలల్లో లేచిపోతుంది. పదిమందిలో ఒకరికి పుట్టుకతోనే ఎనామిల్, సిమెంటం అక్కడ కలవవు. మధ్యలో డెంటిన్ తెరిచే ఉంటుంది, చిగురు కప్పినన్నాళ్లు తెలియదంతే.

దీన్నిబట్టి వైద్యాలన్నీ రెండే పనులు చేస్తాయి. ఒకటి, గొట్టాల మూతి మూయడం. రెండు, లోపలి నరాన్ని కాస్త మొద్దుబార్చడం. పేస్టు డబ్బా మీద ఏం రాసినా, క్లినిక్‌లో ఏ మెషీన్ చూపించినా ఈ రెండిట్లో ఏది చేస్తుందని అడగండి.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష

"ఎడమవైపు పళ్లు" అంటే పళ్ల డాక్టర్లకు మాకు సరిపోదు, ఏ పన్నో తెలియాలి. గ్లాసులో ఐసు ముక్కలు, కొన్ని నీళ్లు వేసి ఇయర్ బడ్ ముంచండి. నీళ్లు కారకుండా విదిలించి, అద్దం ముందు నిలబడి, చిట్టచివరి దవడ పన్ను నుంచి మొదలుపెట్టి ఒక్కో పంటి మెడ మీద 2 సెకన్లు ఆనించి తీయండి. పంటికీ పంటికీ మధ్య ఒక నిమిషం ఆగాలి, లేకపోతే పక్క పంటి నొప్పి కలిసిపోతుంది. బడ్ తీశాక ఎన్ని సెకన్లకు తగ్గిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. తర్వాత చెంచా కాడతో ప్రతి పంటినీ మెల్లగా తట్టి చూడండి. మేం కుర్చీలో చేసేది కూడా దాదాపు ఇదే: పక్క పళ్లను కప్పి, పంటి మెడకు సెంటీమీటరు దూరం నుంచి ఒక సెకను గాలి కొట్టి మీ ముఖం చూస్తాం.

మూడు నాలుగు పళ్లు ఒకేలా, మెడ దగ్గరే, కొద్ది సెకన్లే జివ్వుమంటే అది మనం మాట్లాడుకుంటున్న సెన్సిటివిటీ. ఒకే పన్ను, అదీ మెడ దగ్గర కాకుండా నమిలే వైపో రెండు పళ్ల సందులోనో అయితే పుచ్చు అనుమానించాలి. ఎక్స్‌రే తీయకుండా పేస్టు రాసివ్వడం పొరపాటు. పాత ఫిల్లింగ్ ఉన్న పన్నైతే దాని అంచు ఊడి నీరు దూరుతుండొచ్చు. గట్టిగా కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటే పంటికి చీలిక ఉందేమో చూడాలి. వక్క, మరమరాల్లో రాయి, ఎముక కొరికే అలవాటున్నవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. పైవరస దవడ పళ్లన్నీ ఒక్కసారే బరువుగా ఉండి, ముందుకు వంగితే ఎక్కువైతే అది జలుబుతో వచ్చిన సైనస్ కావచ్చు, పళ్లది తప్పు కాదు.

బడ్ తీశాక నొప్పి అర నిమిషం దాటి నిలబడుతున్నా, ఏమీ తగలకుండా తనంతట తాను వస్తున్నా, రాత్రి నిద్రలేపుతున్నా నరం వాచిందని అర్థం. వేడికి పెరిగి చల్లనీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటోందంటే నరం చచ్చిపోయే దశలో ఉందన్నమాట. ఇవి పేస్టుతో పోయేవి కావు. మూడో క్లినిక్‌లో చెప్పిన రూట్ కెనాల్‌కు అర్థం ఉండేది ఇలాంటప్పుడే. మీరు రాసిన లక్షణాల్లో ఇవేవీ లేవు. వాళ్లను ఒక్క మాట అడగండి: "ఏ పంటికి? చల్లటి పరీక్షలో ఎంతసేపు నిలిచింది? ఎక్స్‌రేలో ఏం కనిపించింది?" మూడింటికీ జవాబు రాకపోతే చేయించుకోవద్దు. బతికున్న నరాన్ని తీసేస్తే జివ్వుమనడం పోతుంది, నిజమే. దానితోపాటు దాదాపు ఎప్పుడూ క్యాప్ కోసం పన్ను చుట్టూ అరగదీయాల్సి వస్తుంది, పన్ను బలం తగ్గుతుంది, పక్క పళ్ల మెడలు మాత్రం అలాగే జివ్వుమంటుంటాయి.

పేస్టులు

ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమందికి పని జరిగేది ఇక్కడే, చెడేది కూడా ఇక్కడే. పేరు చూసి కొనకండి, ట్యూబు వెనక పదార్థాల జాబితా చదవండి. ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా, దేశాన్ని బట్టి లోపలి మందు వేరు.

పొటాషియం నైట్రేట్ 5%: అంటే మన సురేకారమే, మతాబుల్లో వేసేది. ఇది గొట్టాలు మూయదు. పొటాషియం మెల్లగా గొట్టాల్లోంచి లోపలికి చేరి నరం చుట్టూ పేరుకుని, అది తొందరగా ఉలిక్కిపడకుండా చేస్తుంది. అందుకే రోజుకు రెండుసార్లు, కనీసం 2 నుంచి 4 వారాలు, కొందరికి 8 వారాలు పడుతుంది. ఆపితే కొన్ని వారాల్లో ప్రభావం పోతుంది. "ఆపితే తిరగబెడుతోంది" అని మీరు రాశారు కదా, మీ పేస్టు ఇదే అయ్యుండాలి. మందు పనిచేయక కాదు, దాని పనే అంత. సెన్‌క్వెల్-ఎఫ్, సెన్సోడెంట్-కె లాంటివి ఈ రకం.

కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్, వాడుకలో నోవామిన్: ఎముక అతుక్కునేందుకు అమెరికాలో ల్యారీ హెంచ్ 1969లో తయారుచేసిన గాజుకు ఇది పొడి రూపం. లాలాజలం తగలగానే కాల్షియం, ఫాస్ఫేట్ వదిలి గొట్టాల మూతుల మీద పంటి ఖనిజంలాంటి పొర కడుతుంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ వాళ్ల వాంటేజ్‌లోనూ, ఇక్కడ అమ్మే సెన్సోడైన్ రిపేర్ అండ్ ప్రొటెక్ట్‌లోనూ ఉన్నది ఇదే. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి గమనించండి: అక్కడ అదే పేరుతో దొరికే పేస్టులో ఉండేది స్టానస్ ఫ్లోరైడ్. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకునే అలవాటు వెనక ఉన్న సంగతి ఇది. అదేమీ తక్కువ మందు కాదు, వేరే మందు.

నోవామిన్ పేస్టులో నీరు ఉండదు, గ్లిజరిన్ ఉంటుంది, నీరు తగిలితే పని మొదలవుతుంది కాబట్టి. బ్రష్‌ను నీళ్లలో తడిపి దాని మీద పేస్టు వేయడం మనకు అలవాటు. దీనికి మాత్రం పొడి బ్రష్ వాడండి.

స్టానస్ ఫ్లోరైడ్ 0.454%: గొట్టాల మూతుల్లో తగరపు లవణాలు పేరుకుంటాయి, చిగుళ్ల వాపుకు కూడా మంచిది. కొందరికి పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. అవి పైపైనే ఉంటాయి, క్లీనింగ్‌లో పోతాయి, కానీ టీ బాగా తాగేవాళ్లు చూసి కంగారుపడతారు.

ఆర్జినైన్ 8%, కాల్షియం కార్బొనేట్‌తో: వేలికొసతో తీసుకుని జివ్వుమనే చోట ఒక నిమిషం రుద్దితే అప్పటికప్పుడే కొంత ఉపశమనం తెలుస్తుంది. పెళ్లిలో ఐస్‌క్రీమ్ తినాలంటే ఇది పనికొస్తుంది. నిలబడాలంటే మాత్రం రోజూ వాడాలి.

మీ విషయంలో నేనైతే పొటాషియం పేస్టు మానేసి నోవామిన్‌కో స్టానస్‌కో మారమంటాను. మూత పడేది కావాలి మీకు.

ఇక వాడే తీరు. పేస్టు పనిచేయలేదని వచ్చేవాళ్లను విడమరచి అడిగితే దాదాపు ఎప్పుడూ ఈ తప్పుల్లో ఒకటి బయటపడుతుంది. వారం వాడి వదిలేయడం. పొద్దున సెన్సిటివ్ పేస్టు, రాత్రి ఏమీ లేదు. లేదా పొద్దున ఇది, రాత్రి ఇంట్లో అందరూ వాడే ఎర్ర పళ్లపొడి. అన్నిటికన్నా పెద్దది: బ్రష్ అయ్యాక చెంబెడు నీళ్లతో నాలుగుసార్లు గరగరా పుక్కిలించడం. మందు మొత్తం సింక్‌లోకి పోతుంది. నురగ ఉమ్మేయండి, కావాలంటే ఒక్క గుక్క నీళ్లతో సరిపెట్టండి, అరగంట ఏమీ తినకండి, తాగకండి. రాత్రి పడుకునే ముందు బ్రష్ చేశాక, బఠాణీ గింజంత పేస్టు వేలితో తీసుకుని ఆ పంటి మెడల మీద ఒక నిమిషం అద్ది, ఉమ్మేసి, పుక్కిలించకుండా పడుకోండి. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది, మందు కడిగిపోదు. ఒక్క ఈ మార్పుతోనే చాలామందికి తేడా తెలుస్తుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు మాత్రం డాక్టరు చూడకుండా ఈ పేస్టులు పెట్టొద్దు. ఆ వయసులో జివ్వుమంటే పుచ్చు వెతకాలి.

క్లినిక్‌లో పూసేవి

ఫ్లోరైడ్ వార్నిష్ (సోడియం ఫ్లోరైడ్ 5%, అంటే 22,600 పీపీఎం; పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు ఫ్లోరైడ్). మన దేశంలో మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1,000 పీపీఎంకు మించకూడదు, దాన్నిబట్టి దీని గాఢత ఊహించుకోండి. పన్ను తుడిచి, చిన్న బ్రష్‌తో పలచగా పూస్తారు, ఐదు నిమిషాల పని, సూది లేదు. లాలాజలం తగలగానే గట్టిపడుతుంది. ఆరోజు వేడివి, గట్టివి కనీసం 4 గంటలు తినకూడదు, మర్నాడు పొద్దున దాకా బ్రష్ చేయకూడదు. పళ్లు ఒక పూట పసుపుగా, జిగురుగా అనిపిస్తాయి. వారం తేడాతో రెండు మూడుసార్లు పూయిస్తే ఒక్కసారి పూసినదానికన్నా బాగా నిలుస్తుంది. తర్వాత 3 నుంచి 6 నెలలకోసారి. దీని బంకలో కోలోఫోనీ ఉంటుంది. చెట్టు బంకలు పడనివాళ్లు, ఉబ్బసంతో ఆసుపత్రిలో చేరిన చరిత్ర ఉన్నవాళ్లు పూయకముందే చెప్పాలి.

గ్లూమా రకం ద్రవం (గ్లూటరాల్డిహైడ్ 5%, హేమా 35%). ఇది గొట్టాల్లోని ద్రవంలో ఉన్న ప్రోటీన్లను గడ్డకట్టించి లోపలే బిరడాలు వేస్తుంది. పనితనం బాగుంటుంది, చాలామందికి కుర్చీ దిగేలోపే తేడా తెలుస్తుంది. చిక్కల్లా చిగురు మీద పడితే కాలుతుంది, తెల్లగా పొర లేస్తుంది. చేసే పద్ధతి ఇది: చుట్టూ దూదిచుట్టలు పెట్టి, చిగురును కాపాడి, పన్నును మెల్లగా ఆరబెట్టి, చిన్న బ్రష్‌కు అంటుకున్నంత ద్రవం మాత్రమే 30 నుంచి 60 సెకన్లు అద్ది, మెరుపు పోయేదాకా గాలితో ఆరబెట్టి, బాగా కడగాలి. మీ పంటి చుట్టూ ఏమీ పెట్టకుండా నోరంతా తడిగా ఉండగా సీసాలోంచి బొట్లు వేస్తుంటే ఆపమనండి.

ఈ రెండిట్లో ఏది అంటే, మూడు నాలుగు పళ్లు ఓ మోస్తరుగా ఉంటే వార్నిష్. ఒకటి రెండు పళ్లు విపరీతంగా ఉండి గాడి లేకపోతే గ్లూమా. ఖర్చులో వార్నిష్ తేలిక.

గాడి ఉంటే ఫిల్లింగ్, అదీ అడిగి చేయించుకోవాలి

చిగురు అంచున గొడ్డలితో ఒక వేటు వేసినట్టు వి ఆకారంలో గాడి పడుతుంది. కుడిచేత్తో బ్రష్ చేసేవాళ్లకు ఎడమవైపు కోరపన్నుకూ, దాని వెనక రెండు చిన్న దవడ పళ్లకూ ఎక్కువ. చేతి ఊపు ఎక్కువ బలంగా పడేది అక్కడే. మీ ఫిర్యాదు ఎడమవైపే ఉండటం నాకందుకే ఆశ్చర్యంగా లేదు. బ్రష్ ఒక్కటే కారణం కాదు, పులుపు మెత్తబరిస్తే బ్రష్ గీకుతుంది, రాత్రుళ్లు పళ్లు కొరికేవాళ్లకు పంటి మెడ మీద ఒత్తిడి తోడవుతుందని కూడా అంటారు. ఈ మూడోదాని పాత్ర ఎంతన్నది మా వాళ్లలో ఇంకా తెగని వాదన.

లోతైన గాడికి పేస్టు చాలదు. ఆహారం, గార అందులో ఇరుక్కుని పుచ్చు కూడా తోడవుతుంది. నింపాలి. ఏంతో నింపాలన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే ఈ ఫిల్లింగులకు ఊడిపోతాయన్న చెడ్డపేరు ఉంది. ఊడడానికి కారణాలు తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. ఏళ్లుగా రాపిడి తిన్న డెంటిన్ గాజులా నున్నగా, గట్టిగా తయారవుతుంది, జిగురు పట్టదు. డ్రిల్లుకు పెట్టే సన్నటి మొనతో (బర్) పైపొర గరుకు చేయాలి. గాడి కింది అంచు చిగురుకు ఆనుకుని ఉంటుంది, అక్కడ్నుంచి తడి ఊరుతూనే ఉంటుంది. చిగురులోకి సన్నటి దారం దూర్చో, పంటి చుట్టూ పరిచే రబ్బరు పొరకు (డ్యామ్) క్లాంపు పెట్టో ఆ తడిని ఆపాలి. ఈ రెండూ చేయకుండా పది నిమిషాల్లో ముగించిన ఫిల్లింగ్ సంవత్సరం తిరక్కుండా చేతిలోకి వస్తే ఫిల్లింగ్‌ను తిట్టి లాభం లేదు.

గ్లాస్ అయనమర్ రసాయనికంగా పంటికి అతుక్కుంటుంది, కొంచెం తడి ఉన్నా ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. ఊడకుండా నిలవడంలో ఇలాంటి గాడులకు దీనిదీ, లైటుతో గట్టిపడే దాని రెసిన్ రకానిదీ పైచేయి. రంగు మాత్రం కాస్త పాలిపోయినట్టుంటుంది, కాలం గడిచేకొద్దీ గరుకవుతుంది. కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగ్) రంగు చక్కగా కలుస్తుంది, కానీ పని నాజూకు. డెంటిన్‌ను ఆసిడ్‌తో 15 సెకన్లకు మించి చెక్కినా, తర్వాత ఎండిపోయేలా ఆరబెట్టినా జిగురు లోపలిదాకా దిగదు. ఫిల్లింగ్ వేశాక ముందుకన్నా ఎక్కువ జివ్వుమంటుంది. డెంటిన్ దగ్గర సెల్ఫ్ ఎచ్ రకం (విడిగా ఆసిడ్ పెట్టక్కర్లేని) జిగురు వాడితే ఈ బెడద తక్కువ. స్థూలంగా చెప్పాలంటే: నవ్వితే కనిపించని చిన్న దవడ పళ్లకు రెసిన్ గ్లాస్ అయనమర్, కోరపన్నుకు కాంపోజిట్. మీరు డాక్టరు దగ్గర "గ్లాస్ అయనమరా, కాంపోజిటా, తడి ఎలా ఆపుతారు?" అని అడిగితే చాలు, మీ పనిని కొంచెం జాగ్రత్తగా చేస్తారు.

ఫిల్లింగ్ తర్వాత రెండు మూడు వారాలు చల్లటికి కొద్దిగా తెలియడం మామూలే, రోజురోజుకూ తగ్గుతుండాలి. పెరుగుతుంటే వెంటనే చూపించండి.

లేజర్

రకాన్ని బట్టి పైపొరను కరిగించి గొట్టాలు మూయడమో, నరాన్ని తాత్కాలికంగా చల్లార్చడమో చేస్తుంది. కొందరికి బాగానే పనిచేస్తుంది. కానీ వార్నిష్, గ్లూమాలకన్నా ఖాయంగా మెరుగని తేల్చేంత ఏకాభిప్రాయం పరిశోధనల్లో లేదు, ఖర్చు మాత్రం ఖాయంగా ఎక్కువ. పైగా ఈ జబ్బులో నొప్పిని కొలిచేది రోగి చెప్పే మాటతోనే. ఉత్త నీళ్లు పూసి మందు అని చెప్పినా చెప్పుకోదగ్గంత మందికి తగ్గుతుంది. మెరిసే మెషీన్‌కు ఆ మహిమ ఇంకొంచెం ఎక్కువ. గాడి ఉన్న పంటి మీద లేజర్ కొడితే గాడి గాడిలాగే ఉంటుంది.

చిగురు బాగా జరిగి వేరు 3-4 మి.మీ. కనిపిస్తూ, పళ్ల సందుల్లో ఎముక బాగుంటే, అంగుట్లోంచి కొంచెం కణజాలం తీసి అక్కడ అతికే చిగురు ఆపరేషన్ ఉంది. చిగుళ్ల నిపుణులు, అంటే పెరియోడాంటిస్ట్ చేసేది. సందుల్లో ఎముక తగ్గిపోయినవాళ్లకు పూర్తిగా కప్పుకోదు. కేవలం జివ్వుమనడం కోసమే ముందుగా దీనికి పోవద్దు.

కారణం ఆపకపోతే

బ్రష్ మెత్తటిది, డబ్బా మీద సాఫ్ట్ అనో ఎక్స్‌ట్రా సాఫ్ట్ అనో ఉండాలి. పిడికిలితో కాదు, పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. చిగురు అంచుకు 45 డిగ్రీలు వంచి, ఉన్నచోటే చిన్నగా కదిలించి, చిగురు నుంచి పంటి కొస వైపు దులపండి. బూటు పాలిష్ చేసినట్టు అడ్డంగా రుద్దడమే ఆ గాడికి తల్లి. కుంచె కేశాలు రెండు మూడు వారాలకే పక్కలకు విచ్చుకుంటే మీరు ఇంకా గట్టిగా రుద్దుతున్నట్టే. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి, ఎర్ర పళ్లపొడి, ఇప్పుడు నల్లటి ట్యూబుల్లో కొత్త వేషంతో వచ్చిన చార్‌కోల్ పేస్టులు, ఇవన్నీ మీకు పనికిరావు. వేపపుల్ల నమిలి మెత్తటి కుంచె చేసుకుంటే ఫరవాలేదు, కానీ దాంతో అడ్డంగా తోమితే బ్రష్ చేసే నష్టమే అదీ చేస్తుంది.

పులుపు గురించి. చింతకాయో పచ్చి మామిడికాయో తిన్నాక "పళ్లు పులిశాయి" అంటాం కదా, అది అలంకారం కాదు, ఎనామిల్ పైపొర నిజంగానే మెత్తబడింది. ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ (పులుపు కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దగ్గర కరగడం మొదలవుతుంది, డెంటిన్ ఇంకా ముందే, పీహెచ్ 6 పైన ఉండగానే. నిమ్మరసం 2-2.5 దగ్గరుంటుంది. బరువు తగ్గాలని పరగడుపున నిమ్మకాయ, తేనె, గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా అరగంట తాగి, వెంటనే బ్రష్ చేసే అలవాటు ఈ మధ్య మా కుర్చీల్లోకి చాలామందిని తెస్తోంది. తాగాల్సిందే అనుకుంటే స్ట్రాతో ఒక్కసారే తాగేసి, మామూలు నీళ్లతో పుక్కిలించి, బ్రష్ మాత్రం దానికి ముందే చేయండి. పులుపు తిన్నాక కనీసం అరగంట దాకా బ్రష్ పెట్టొద్దు. భోజనంలో పప్పుచారు, పులుసు మానక్కర్లేదు; అన్నంతో కలిసి ఒకసారి పోయేదానికన్నా, కూల్‌డ్రింకో నిమ్మసోడానో పక్కన పెట్టుకుని గంటసేపు చప్పరించడమే ఎక్కువ చెరుపు. పుల్లటి త్రేన్పులు, గర్భిణులకు వాంతులు ఉన్నచోట లోపలి వైపు నుంచే ఎనామిల్ కరుగుతుంది. వాంతి కాగానే బ్రష్ చేయకుండా, గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వైపు పెరిగి, పళ్ల మీద గోధుమ మచ్చలున్నవాళ్లు "మాకు ఫ్లోరైడ్ వల్లే ఇలా అయింది, మళ్లీ ఫ్లోరైడ్ పూయించుకోమంటారేంటి" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ మచ్చలు పన్ను ఇంకా దవడలో తయారవుతున్న చిన్నతనంలో, తాగిన నీళ్లతో లోపలినుంచి వచ్చినవి. పెద్దయ్యాక పంటి పైన పూసి ఉమ్మేసేదానితో మచ్చలు రావు. మింగే వయసు పిల్లలకే జాగ్రత్త అవసరం.

క్లీనింగ్ చేయించుకున్నాక మొదటి వారం జివ్వుమంటుంటే భయపడకండి. గార పళ్లకు దుప్పటిలా కప్పుకుని ఉంది, తీసేసరికి కింద వేరు బయటపడింది; రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. క్లీనింగ్ వల్ల పళ్లు వదులయ్యాయని, సందులు వచ్చాయని అనుకోవడం కూడా ఇదే కోవ, గార పట్టి ఉంచిన సందే అది. పళ్లు తెల్లబరిచే బ్లీచింగ్ తర్వాత వచ్చేదైతే ఆపిన కొద్ది రోజుల్లోనే పోతుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఈ వారం బడ్ పరీక్ష చేసి పళ్లు గుర్తించండి, బ్రష్, పేస్టు మార్చండి, అదే వారంలో ఒక క్లినిక్‌లో గాడి లోతు కొలిపించి, గాడి లేకపోతే వార్నిష్ మొదటి పూత వేయించండి. నాలుగో వారం, ఎనిమిదో వారం మళ్లీ బడ్ పరీక్ష, అవే పళ్లకు, సెకన్లు రాసుకుంటూ. ఎనిమిదో వారానికి సగమైనా తగ్గకపోతే గ్లూమా, గాడి ఉన్న పంటికి ఫిల్లింగ్. రాత్రి పళ్లు కొరుకుతారని ఇంట్లోవాళ్లు చెప్తే ఫిల్లింగ్‌తో పాటే నైట్ గార్డు (రాత్రి పళ్లకు తొడిగే తొడుగు) కొలత కూడా ఇప్పించండి.

లవంగనూనె గురించి కూడా అడిగారు. అది స్పర్శను కాసేపు చంపుతుంది, గొట్టాలు మూయదు. నేరుగా పూస్తే చిగురు కాలుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: అందులోని యూజెనాల్ కాంపోజిట్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు. ఫిల్లింగ్‌కు వెళ్లే వారం రోజుల ముందు నుంచి ఆ పంటికి లవంగనూనె పెట్టకండి, పెట్టి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.